వనపర్తిలో రెండు గ్రహణాలు

ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి రాసి ఇమ్మని మన సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను చరిత్రకారుణ్ణి కాననీ, సర్వీసంతా ఖజానా శాఖలో బిల్లులు చూసుకుంటూ గడిపినవాణ్ణనీ చెప్పి తప్పించుకోబోయాను. "మీరు కళ్ళారా చూసిందే రాయండి" అన్నారాయన. కళ్ళారా చూసిన వాటికంటె, ఇంటి ముందుకు వచ్చినా చూడకుండా పోగొట్టుకున్నది ఒకటి నా మనసులో ఎక్కువగా మెదులుతూ ఉంటుంది. అది 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం. దాని గురించే ఈ నాలుగు మాటలు.

పాలమూరు మీదుగా వెళ్ళిన నీడ

ఆ రోజు శనివారం, అమావాస్య. సభ్యమిత్రులలో చాలామంది అప్పటికి ఉద్యోగాలలో ఉన్నవారే కనుక, ఎవరెక్కడ ఉన్నారో జ్ఞాపకం చేసుకోండి. ఆ మధ్యాహ్నం చంద్రుని నీడ ఆఫ్రికా ఖండాన్ని దాటి, అరేబియా సముద్రం మీదుగా వచ్చి, కార్వారు దగ్గర మన దేశంలో అడుగుపెట్టింది. హుబ్లీ, రాయచూరు దాటి మన పాలమూరు జిల్లాలోకి వచ్చింది. నల్లగొండ, ఖమ్మం మీదుగా ఒరిస్సా వైపు సాగి, కోణార్కు, పూరీ దగ్గర సముద్రంలోకి దిగిపోయింది. హైదరాబాదు నగరానికి సంపూర్ణ గ్రహణం కొద్దిలో తప్పిపోయింది. నగరానికి ఆగ్నేయంగా ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల మాత్రం నీడ దారిలోనే పడింది. 48 అంగుళాల దుర్భిణి ఉన్న ఆ వేధశాలకు ఆ రోజు దేశ విదేశాల శాస్త్రజ్ఞులు తరలివచ్చారు.

మా వనపర్తి కూడా ఆ దారిలోనే ఉంది. నాకప్పుడు ఇరవై తొమ్మిదో ఏడు. ఉప ఖజానా కార్యాలయంలో గుమాస్తాను. సంపూర్ణ గ్రహణం చూడడానికి శాస్త్రజ్ఞులు ఓడలెక్కి, విమానాలెక్కి ఖండాలు దాటి వెళతారు. సూర్యుడు చంద్రునికంటె సుమారు నాలుగు వందల రెట్లు పెద్దవాడు. దూరం కూడా సుమారు నాలుగు వందల రెట్లు. అందువల్లనే మన కంటికి ఇద్దరూ ఒకే పరిమాణంలో కనిపిస్తారు, చంద్రుడు సూర్యుణ్ణి సరిగ్గా కప్పగలుగుతాడు. అయితే ఆ నీడ సన్నని పట్టీలాగ భూమి మీద సాగిపోతుంది కనుక, ఒక ఊరికి సంపూర్ణ గ్రహణం సగటున సుమారు 375 ఏళ్ళకొకసారి గాని రాదు. అటువంటిది నడిచి వచ్చి మా ఇంటి మీదనే నిలబడింది. ఆ సమయంలో నేను తలుపులు బిగించుకుని లోపల కూర్చున్నాను.

మా అమ్మ భయం

రేడియోలో, పత్రికలలో కళ్ళు పోతాయని కొన్నాళ్ళుగా హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి. మా ఇంట్లో భయం కళ్ళ గురించి కాదు. మా ఆవిడ అప్పుడు ఆరో నెల గర్భిణి.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా తమ్ముడు 1956 మార్చి నెలాఖరున పుట్టాడు. పుట్టుకతోనే పైపెదవి చీలి ఉంది. దాన్ని మనవైపు ఏమంటారో మీకందరికీ తెలుసు. గ్రహణం మొర్రి అంటారు. ఆ మాటలోనే నేరం ఉంది, నేరస్థురాలూ ఉంది. అంతకు ముందు 1955 డిసెంబరు 14న సూర్యగ్రహణం వచ్చింది. ఆ మధ్యాహ్నం మా అమ్మ వంకాయలు తరిగిందని మా నాయనమ్మ అన్నది. తరిగిందో లేదో అమ్మకే సరిగా జ్ఞాపకం లేదు. కాని అనగా అనగా ఆమెకూ తరిగాననే నమ్మకం కలిగింది. చంటివాడు పాలు తాగలేక ఏడిస్తే అందరి చూపూ ఆమె వైపే. బడిలో పిల్లలు వాణ్ణి వెక్కిరిస్తే వాడు ఇంటికి వచ్చి ఏమీ అనేవాడు కాదు. ఆమె మాత్రం వంటింట్లోకి వెళ్ళి కూర్చునేది. పెళ్ళిళ్ళలో, బారసాలలలో చుట్టాలు "పాపం, కత్తిపీట పట్టుకున్నదట" అనే మాట ఆమె వినేటట్టే అనేవారు. మా నాన్న ఒక్కనాడూ ఆమెను ఏమీ అనలేదు. ఆమె తరఫున కూడా ఒక్కనాడూ ఏమీ అనలేదు.

కనుక 1980లో కోడలిని గదిలో పెట్టి తలుపు వేసినప్పుడు ఆమెను మూఢురాలని అనడానికి నాకు నోరు రాలేదు. ఇరవై నాలుగేళ్ళు మోసిన నింద కోడలి నెత్తిన పడకూడదన్నదే ఆమె తాపత్రయం. నేను ఆ రోజుకు క్యాజువల్ లీవు పెట్టాను.

కిటికీ చెక్కలో కన్నం

పొద్దున్నే వంటలు అయిపోయాయి. ఊరగాయ జాడీల మీద, పెరుగు మీద గరిక వేశారు. ఇత్తడి తాంబాళంలో నీళ్ళు పోసి అందులో రోకలి నిలబెట్టారు. గ్రహణం ఉన్నంతసేపు అది నిలబడుతుందని, విడవగానే పడిపోతుందని మావైపు నమ్మకం. కత్తిపీట, సూదులు, కత్తెర అన్నీ మూటగట్టి అటక మీద పెట్టింది అమ్మ. పడమటి గదిలో మా ఆవిడను మంచం మీద వెల్లకిలా పడుకోమన్నది. కాలు ముడవకూడదు, గోకుకోకూడదు. కిటికీ చెక్కలు మూసి సందులలో పాత గుడ్డలు కుక్కింది.

రెండున్నర ప్రాంతంలో గ్రహణం పట్టింది. చీకటి గదిలో ముగ్గురం. అమ్మ జపం చేసుకుంటోంది. కొంతసేపటికి మా ఆవిడ నెమ్మదిగా పిలిచింది.

"అత్తమ్మా, జర ఇటు సూడుండ్రి. బండ మీద నెలవంక లెక్క ఉన్నది."

కిటికీ చెక్కలో ఎప్పుడో మేకు ఊడిపోయిన కన్నం ఒకటి ఉంది. అమ్మ కంటబడలేదు. అందులోంచి పడిన వెలుగు మంచం పక్కన షాబాదు బండ మీద రూపాయి బిళ్ళంత ఉంది. ఎప్పుడూ గుండ్రంగా పడే ఆ వెలుగు ఆ రోజు ఒక పక్క కొరికినట్టుంది. చూస్తుండగానే కొరుకు పెద్దదవుతోంది. నేను వంగి చెయ్యి అడ్డం పెట్టాను. నెలవంక నా అరచేతిలోకి వచ్చింది. అది ఏమిటో నాకు తెలియలేదు. నేను బి.కాం. చదివినవాణ్ణి, వెలుగు గురించి హైస్కూలులో చెప్పింది ఆ చీకట్లో ఒక్కటీ గుర్తు రాలేదు. మా ఆవిడ మాత్రం భయపడలేదు. "సక్కగ ఉన్నది" అన్నది.

అమ్మ చూసింది. "సూర్యుడు ఇంట్లకొచ్చిండురా! మూయి, మూయి" అని కొంగు చింపి ఉండచుట్టి ఆ కన్నంలో కుక్కింది. ఆమె చేతులు వణకడం ఆ మసక చీకటిలో కూడా నాకు తెలిసింది.

ఆ తర్వాత కాసేపటికి, మూడుముప్పావు ప్రాంతంలో, తలుపు కింద సందులో ఉన్న సన్నని వెలుగు కూడా పోయింది. వీధిలో మాట లేదు. చెట్ల మీద పిట్టలు సాయంత్రంలాగ ఒక్కసారి గోలచేసి ఊరుకున్నాయి. ఎక్కడో కుక్క ఏడ్చింది. రాజావారి భవనంలో ఉన్న పాలిటెక్నిక్ వైపు నుంచి కుర్రాళ్ళ కేక ఒకటి లేచింది. భయంతో వేసిన కేక కాదది. పండుగలో వేసే కేక. అది విన్నాక నాకు లేచి తలుపు తీయాలనిపించింది. నాలుగు అడుగులు వేస్తే వాకిలి. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పిన ఆ రెండు నిమిషాల పైచిలుకు సేపు మాత్రమే మామూలు కళ్ళతో చూసినా ఏమీ కాదని తర్వాత తెలిసింది. అప్పుడు అమ్మ ముఖం చూసి కూర్చుండిపోయాను. మళ్ళీ తలుపు కింద వెలుగు వచ్చింది. కోడి కూసింది.

మా అమ్మాయి ఆ ఏడు మే నెలలో పుట్టింది. మంత్రసాని చెప్పకముందే అమ్మ దీపం తెచ్చి మొదట చూసింది పెదవినే. చూసి, కూర్చుని ఏడ్చింది.

నూటపన్నెండేళ్ళ క్రితం

ఇక చరిత్రకు వస్తాను. ఇందులో చాలా భాగం పదవీ విరమణ తర్వాత గ్రంథాలయంలో కూర్చుని తెలుసుకున్నది.

1868 ఆగస్టు 18న ఇంతకంటె పెద్ద సంపూర్ణ గ్రహణం తెలుగు నేల మీదుగా వెళ్ళింది. దాన్ని చూడడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ సముద్రాలు దాటి గుంటూరు వచ్చాడు. అక్కడ ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట బసచేసి, ఆ ఇంటినే వేధశాలగా చేసుకున్నాడు. బ్రిటిషు సైనికాధికారి టెన్నెంట్ కూడా గుంటూరులోనే తన పరికరాలు పెట్టాడు. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. గుంటూరులో చీకటి అయిదు నిమిషాలకు పైగా నిలిచింది. సూర్యుని అంచున ఎగసే జ్వాలల వెలుగును వర్ణపటదర్శిని అనే పరికరంలో చూసిన జాన్సెన్‌కు అందులోని గీతలు ఎంత ప్రకాశంగా కనిపించాయంటే, గ్రహణం లేనప్పుడు కూడా వీటిని చూడవచ్చునే అనిపించింది. మరునాడు, అంటే ఆగస్టు 19న, మామూలు ఎండలోనే చూశాడు. అదే సంవత్సరం అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ స్వతంత్రంగా ఇదే పని చేశాడు. ఇద్దరి వార్తలూ పారిస్ విజ్ఞాన అకాడమీకి ఒకే రోజున చేరాయని, తర్వాత ఇద్దరి బొమ్మలతో ఒకే పతకం ముద్రించారని చదివినప్పుడు ముచ్చట వేసింది. ఆ పరిశీలనలలో కనిపించిన పసుపుపచ్చ గీత ఒకటి మొదట సోడియందని అనుకున్నా, భూమి మీద అప్పటికి తెలిసిన ఏ పదార్థానిదీ కాదని తేలింది. దానికి లాకియర్ హీలియం అని పేరు పెట్టాడు. 1895లో గాని రామ్సే దాన్ని భూమి మీద కనుక్కోలేదు. మన పిల్లలు బెలూనులో నింపుకునే వాయువు చరిత్రలో గుంటూరుకు ఆ విధంగా చోటు దక్కింది.

ఇదంతా చాలామందికి తెలిసిన సంగతే. నన్ను కుర్చీలోంచి లేపింది వేరొక పేరు. మద్రాసు వేధశాలవారు ఆ గ్రహణానికి మచిలీపట్నంతోపాటు ఇంకొక చోటికి కూడా మనిషిని పంపారు. ఆ మనిషి చింతామణి రఘునాథాచారి. ఆ చోటు మా వనపర్తి!

రఘునాథాచారి మద్రాసు వేధశాలలో సహాయకుడు, పంచాంగకర్తల వంశంవాడు. 1867లో ఒక చరకాంతి నక్షత్రాన్ని, అంటే వెలుగు మారుతూ ఉండే నక్షత్రాన్ని, కనుగొన్నాడు. 1872లో లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను ఫెలోగా ఎన్నుకున్నది. 1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా నడిచినప్పుడు అది ఏమిటో జనానికి అర్థమయ్యేలాగా దేశభాషలలో చిన్న పుస్తకాలు వేయించాడు. ఆకాశంలో కంటికి కనిపించేదానితో సరిపోయేలా పంచాంగ గణితాన్ని దిద్దుకోవాలని వాదించి, దృగ్గణిత పంచాంగం వెలువరించాడు. అంటే పంచాంగాన్ని పారేయమన్నవాడు కాదు, సరిచేయమన్నవాడు. 1880లో కన్నుమూశాడు. సరిగ్గా నూరేళ్ళకు, ఆయన పరికరాలు పెట్టుకుని కూర్చున్న ఊరికి సంపూర్ణ గ్రహణం మళ్ళీ వచ్చింది. సగటున 375 ఏళ్ళకొకసారి వచ్చేది 112 ఏళ్ళకే తిరిగి వచ్చింది. ఆ ఊళ్ళో చదువుకున్న ఉద్యోగిని, నేను కిటికీ సందులలో గుడ్డలు కుక్కుతుంటే చూస్తూ కూర్చున్నాను.

మన పెద్దలకు గ్రహణం సంగతి తెలియదని కాదు. చంద్రుడు సూర్యుణ్ణి కప్పుతాడనీ, భూమి నీడ చంద్రుణ్ణి కప్పుతుందనీ ఆర్యభటుడు 499 నాటి తన గ్రంథంలోనే చెప్పాడు. ఆ గణితం తరతరాలుగా వచ్చింది కనుకనే మా అమ్మ పంచాంగంలో పట్టు, విడుపు వేళలు చూసుకోగలిగింది. వేళలను నమ్మిన మనం వాటి వెనక ఉన్న కారణాన్ని మాత్రం పక్కన పెట్టాం. ఆ తేడాకు మూల్యం చెల్లించింది ఇళ్ళలో ఉన్న ఆడవాళ్ళు.

డాక్టరుగారి లెక్క

1983లో మా తమ్ముణ్ణి హైదరాబాదు తీసుకువెళ్ళి పెదవికి ఆపరేషన్ చేయించాను. అప్పటికి వాడికి ఇరవై ఏడేళ్ళు. ఆపరేషన్ చేసిన డాక్టరుగారితో అమ్మ సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. "గ్రహణం నాటికి ఆమెకు ఎన్నో నెల?" అని అడిగారు. నేను వేళ్ళు లెక్కపెట్టి ఆరో నెల అన్నాను. "కడుపులో బిడ్డకు పైపెదవి అతుకుకునేది రెండో నెల పూర్తయ్యేలోపే. అప్పుడు అతుకుకోకపోతే చీలిక అలా ఉండిపోతుంది. ఆరో నెలలో కత్తిపీట పట్టుకున్నా, కత్తి పట్టుకున్నా అతుకుకున్న పెదవి చీలదు" అన్నారు. ఖజానాలో ఇన్నేళ్ళు తేదీలు సరిచూసిన నాకు, మా ఇంటి మీద ఉన్న ఆ ఒక్క పద్దులో తేదీలు సరిపోలడం లేదని ఒక్కరోజూ తట్టలేదు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. "డాక్టర్లకేమెర్క?" అన్నది. అంతటితో ఆగిపోయింది.

1995 అక్టోబరు 24

తర్వాతి సంపూర్ణ గ్రహణం 1995లో దీపావళి మర్నాడు వచ్చింది. ఈసారి నీడ రాజస్థాన్ నుంచి బెంగాలు దాకా ఉత్తరదేశం మీదుగా వెళ్ళింది. మనకు పాక్షికమే. పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో సగానికి పైగా మూసుకుంది. పండుగకు తమ్ముడు, మరదలు, వాళ్ళ పిల్లలు వచ్చి ఉన్నారు. మా అమ్మాయి పదో తరగతి.

పాలిటెక్నిక్‌లో పనిచేసే ఒక లెక్చరరుగారు నాకొక ఉపాయం చెప్పారు. చేతి అద్దానికి కాగితం అంటించి, మధ్యలో చిటికెనవేలి గోరంత చిల్లు చేశాను. అద్దాన్ని వాకిట్లో ఇటుకల మీద కదలకుండా నిలబెట్టి, ఎండను వరండా దాటించి నడింట్లో చీకటి గోడ మీదికి మళ్ళించాను. ముప్పై అడుగుల దూరం గనుక సూర్యబింబం మూడు అంగుళాల పైన, చక్కగా పడింది. పిల్లలు చుట్టూ చేరారు. అద్దంలోకి ఎవరూ చూడకుండా మా ఆవిడ కాపలా కూర్చుంది.

అమ్మ వంటింట్లోంచి వచ్చి గడప దగ్గరే నిలబడింది. ఈసారి మూయమని అనలేదు. గోడ మీద బింబాన్ని ఒక పక్క నుంచి నలుపు తినుకుంటూ వస్తోంది. పిల్లలు పెన్సిలుతో గోడ మీద అయిదు నిమిషాలకొక గుర్తు పెడుతున్నారు. మా ఆవిడ "అత్తమ్మా, ఆనాడు బండ మీద పడ్డది ఇదే" అన్నది. అమ్మ వచ్చి గోడ ముందు పీట వేసుకుని కూర్చుంది. చాలాసేపు చూసింది. వేలు చాచి ఆ నలుపును ముట్టుకుంది. వేలి మీద వెలుగు పడింది, ఏమీ కాలేదు.

"ఇంతేనారా?" అన్నది.

"ఇంతేనమ్మా. చంద్రుడు అడ్డం వచ్చిండు, పోతడు."

ఆమె ఇంకా గోడనే చూస్తూ, "దీనికా నన్ను నలభై ఏండ్లు అన్నరు?" అన్నది.

ఎవరమూ మాట్లాడలేదు. తమ్ముడు లేచి వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆపరేషన్ తర్వాత పెంచిన మీసంలోంచి ఆ పాత గీత కొద్దిగా కనిపిస్తూ ఉంటుంది. గోడ మీద సూర్యుడు మళ్ళీ నిండుగా అయ్యేదాకా తల్లీకొడుకులు అలాగే కూర్చున్నారు. తర్వాత ఆమె లేచి తలంటు పోసుకుని, దేవుడికి దీపం పెట్టి, అందరికీ వడ్డించింది. స్నానం మానలేదు, దీపమూ మానలేదు. వాటివల్ల ఎవరికీ నింద రాదు కదా.

మరునాడు మా అమ్మాయి తాంబాళంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టింది. గ్రహణం లేకపోయినా నిలబడింది. అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది. అమ్మ అది చూసి నవ్వింది. ఆమె 2004లో మమ్మల్ని విడిచి వెళ్ళింది.

చివరిగా ఒక మనవి

2031 మే 21న కేరళ, తమిళనాడుల మీదుగా కంకణ సూర్యగ్రహణం రానున్నది. మనకు పాక్షికంగా కనిపిస్తుంది. అప్పటికి నాకు ఎనభై ఏళ్ళు. ఉంటే మళ్ళీ అద్దం పెడతాను. మీరూ మీ మనుమలతో పెట్టండి. ఎక్స్‌రే ఫిల్మూ, మసిపూసిన గాజూ, నల్ల కళ్ళద్దాలూ పనికిరావు. సూర్యుణ్ణి నేరుగా చూడవద్దు, గోడ మీదికి రప్పించి చూడండి. అద్దం లేకపోయినా ఫరవాలేదు. వేపచెట్టు కింద నిలబడితే ఆకుల సందుల నుంచి వందల నెలవంకలు నేల మీద పరుచుకుంటాయి.

ఇంట్లో గర్భిణి ఉంటే ఆమెకు ఆకలైనప్పుడు అన్నం పెట్టండి, నీళ్ళు ఇవ్వండి, గోడ ముందు ఆమెకు కూడా ఒక పీట వేయండి. మొర్రితో పుట్టిన బిడ్డ ఎవరింట్లోనైనా ఉంటే చిన్నతనంలోనే ఆపరేషన్ చేయించవచ్చునని చెప్పండి. ఆ తల్లితో మాత్రం, ఆనాడు నువ్వేం తరిగావని అడగకండి.

పడమటి గది కిటికీ చెక్కలో ఆ కన్నం నేటికీ అలాగే ఉంది. ఇల్లు బాగుచేయించినప్పుడు వడ్రంగి పూడ్చబోతే మా ఆవిడ వద్దన్నది.